డాసన్ సిటీ నుంచి టుక్టోయాక్టుక్ దాకా డెంప్‌స్టర్ రోడ్డు: పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

బో_నది_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మేము కాల్గరీలో ఉంటున్నాం. రాజమండ్రి నుంచి సూపర్ వీసా (ఇక్కడ ఉంటున్నవారి తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండడానికి కెనడా ఇచ్చే వీసా) మీద వచ్చిన మా అమ్మానాన్నలు అక్టోబరు దాకా మాతోనే ఉంటారు. ఆగస్టు రెండో సగంలో నాకూ మా ఆవిడకూ ఒకేసారి సుమారు మూడు వారాల సెలవు దొరుకుతోంది. బాన్ఫ్, జాస్పర్ ఇప్పటికే చూపించేశాం. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు గోడ మీది మ్యాపులో కెనడా వాయవ్య మూలన ఉన్న యూకాన్ నుంచి ఆర్కిటిక్ మహాసముద్రం దాకా పోయే ఒక సన్నని గీత మీద వేలు పెట్టి, "ఈ లైను ఎక్కడ ఆగుతుందో అక్కడిదాకా వెళ్లొద్దాం" అన్నారు. ఆ గీతలో ఎక్కువ భాగం డెంప్‌స్టర్ హైవే అని తరవాత తెలిసింది.

నాన్నగారికి 69 ఏళ్లు. షుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. మా బండి ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ, కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఉన్నాయి. ఆ దారిలో వెళ్లివచ్చినవారు ఎవరైనా ఉంటే, ఇది చేయదగిన పనేనా, చేయదగినదైతే ముందుగా ఏమేమి చూసుకోవాలో చెప్పగలరు.

ఎడ్మంటన్_వాసి:
మేము మిత్రులం కొందరం కలిసి ఆ దారిలో ఇనువిక్ దాటి సముద్రం దాకా వెళ్లాం కాబట్టి ముందుగా దూరాలు చెబుతాను, ఎందుకంటే మ్యాపులో ఆ గీత ఎంత చిన్నగా కనిపిస్తుందో నేల మీద అంత పొడవు. కాల్గరీ నుంచి డాసన్ క్రీక్ సుమారు 890 కిలోమీటర్లు. అక్కడ మొదలయ్యే అలాస్కా హైవే మీద వైట్‌హార్స్ దాకా మరో 1,420. వైట్‌హార్స్ నుంచి డాసన్ సిటీకి 530. డాసన్ క్రీక్ వేరు, డాసన్ సిటీ వేరు. హోటల్ బుక్ చేసేటప్పుడు పొరపడితే ఒక ప్రావిన్సు అవతల గది దొరుకుతుంది. డాసన్ సిటీకి 40 కిలోమీటర్ల ఇవతల డెంప్‌స్టర్ మొదలవుతుంది. అక్కడి నుంచి ఆ హైవే ముగిసే ఇనువిక్ ఊరికి 736, ఇనువిక్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్‌కు 138. అంటే ఒక వైపే సుమారు 3,700 కిలోమీటర్లు, అందులో చివరి 870 దాకా కంకర.

ఇక టైర్లు. కంపెనీ టైర్లతో వెళ్లకండి, దీని మీద నేను బేరానికి రాను. ఆ రోడ్డు మీద పరిచే రాయిలో పలకలుగా చీలే షేల్ ఎక్కువ. గ్రేడరు (రోడ్డును చదును చేసే యంత్రం) వచ్చి రోడ్డును గీకి వెళ్లిన గంటకు ఆ పలకలు అంచులు పైకి లేచి నిలబడి ఉంటాయి. పక్కలు దళసరిగా ఉండే లైట్ ట్రక్ టైర్లు, అవీ పది ప్లై రేటింగు ఉన్నవి వేయించుకోండి. డిక్కీ అడుగున ఉండే సన్నటి డోనట్ స్టెప్నీ అక్కడ పనికిరాదు. పూర్తి సైజు స్టెప్నీలు రెండు ఉండాలి. వాటితోపాటు పంక్చరు వేసే ప్లగ్గుల కిట్టు, బ్యాటరీతో నడిచే గాలి పంపు, మంచి జాకీ, దాని కింద మెత్తటి నేలలో దిగబడకుండా వేసుకోవడానికి ఒక చెక్క. పానా మీ నట్లకు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి విప్పి, బిగించి చూసుకోండి. నట్లను షాపులో మిషనుతో బిగిస్తారు గనక చేత్తో విప్పబోతే కదలవు. ఈ సంగతి మంచు చినుకుల్లో రోడ్డు పక్కన తెలుసుకోవడంకంటే గ్యారేజీలో తెలుసుకోవడం మేలు.

గంటకు 70, 80 కిలోమీటర్లు మించకండి. ఎదురుగా లారీ వస్తుంటే బాగా నెమ్మదించి కుడి వైపుకు జరగండి, అయితే మరీ అంచుకు పోవద్దు. అక్కడ అంచు మెత్తగా ఉంటుంది. చక్రం దిగిందంటే బండి మొత్తం ఆ వైపు జారిపోతుంది.

మట్టి_పరీక్ష:
ఎడ్మంటన్_వాసి గారు చెప్పిన మెత్తటి అంచు వెనక ఒక కారణం ఉంది. నేను పునాదుల ఇంజినీరును, గడ్డకట్టిన నేల మీద కట్టడాలతోనే నా ఉద్యోగం. ఆ రోడ్డు కింద నేల ఏడాది పొడవునా, వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న పర్మాఫ్రాస్ట్. వేసవిలో పైపైన ఒక పొర మాత్రమే కరుగుతుంది. మామూలుగా మనం రోడ్డు వేసేటప్పుడు పైమట్టిని తవ్వి తీసేస్తాం. అక్కడ అలా తీస్తే ఎండ నేరుగా మంచు మీద పడి, నేల కరిగి బురదగా మారి రోడ్డు కుంగిపోతుంది. అందువల్ల నాచును, గడ్డిని కదపకుండా, దాని మీదే కంకరను ఎత్తుగా పోశారు. డెంప్‌స్టర్ మీద ఆ కంకర మట్టం చోటునుబట్టి 1.2 మీటర్ల నుంచి 2.4 మీటర్ల దాకా ఉంటుంది. కింది చలి కిందే ఉండేలా చూడడం దాని పని. బండ్లు నడవడం రెండో పని అని మా వృత్తిలో సగం వేళాకోళంగా అంటాం. రోడ్డు అంత ఎత్తుగా ఉండి రెండు వైపులా వాలుగా దిగిపోతుంది, ఆ వాలు అంచును బిగించేవారు ఉండరు.

తారు ఎందుకు వేయలేదని అడుగుతారు. నల్లటి తారు ఎండను పీల్చి కింది మంచుకు అందిస్తుంది, పైగా నేల పొంగినా కుంగినా పగిలిపోతుంది. కంకరైతే గ్రేడరుతో సరిచేసుకోవచ్చు. దుమ్ము లేవకుండా కొన్ని చోట్ల క్యాల్షియం క్లోరైడ్ చల్లుతారు. పొడిగా ఉన్నప్పుడు అది రోడ్డును గట్టిపరుస్తుంది. వాన పడితే జిగురుగా మారి బండిని జారుస్తుంది, అడుగున పట్టిన బురద ఆరితే సిమెంటులా బిగుస్తుంది. డాసన్‌కు తిరిగి రాగానే బండి అడుగు భాగాన్ని నీళ్ల ప్రెషరుతో కడిగించండి, లేకపోతే బ్రేకుల దగ్గర తుప్పు మొదలవుతుంది.

ఈ రోడ్డు అసలు చమురు కోసం పుట్టింది. 1958లో ప్రధాని డీఫెన్‌బేకర్ ప్రభుత్వం ఉత్తరాదిలోని ఖనిజాల దగ్గరకు రోడ్లు వేస్తామని ప్రకటించింది, 1959లో పని మొదలైంది, కొంత దూరం వేశాక ఆపేశారు. 1968లో అలాస్కా ఉత్తర తీరంలో ప్రూడో బే దగ్గర చమురు బయటపడడంతో మళ్లీ కదలిక వచ్చింది; చివరికి 1979 ఆగస్టు 18న రోడ్డును ప్రారంభించారు.

తులసికోట:
నేను నర్సును. రోడ్డు గురించి పెద్దలు చెప్పారు, మనుషుల గురించి ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి చెబుతున్నాను. డాసన్ సిటీలో చిన్న ఆసుపత్రి ఉంది, ఇనువిక్‌లో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది. మధ్యలో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ లాంటి ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు తప్ప మరేమీ లేవు. డాసన్ నుంచి దారి మధ్యలో ఉన్న ఈగిల్ ప్లెయిన్స్ మజిలీ దాకా 400 కిలోమీటర్లకు పైగా ఊరు లేదు, సెల్ సిగ్నల్ లేదు. 69 ఏళ్ల మనిషికి షుగరు పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, సహాయం అందేలోపు గంటలు గడుస్తాయి. విమానంలో ఆసుపత్రికి తరలించవలసి వస్తే దానికయ్యే ఖర్చు మామూలు కుటుంబం మోయగలిగేది కాదు. సూపర్ వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్సులో ముందు నుంచీ ఉన్న జబ్బులు కవర్ అవుతాయా, అత్యవసర తరలింపు ఉందా అన్నది పాలసీ కాగితం తీసి చదవండి, ఏజెంటు మాట వినడం కాదు. ఇన్సులిన్ విషయంలో మనకు వేడి భయమే అలవాటు. అక్కడ ఆగస్టు చివరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా వాడకూడదు. రాత్రి బండిలో వదిలేయకుండా మనిషి దగ్గరే పెట్టుకోవాలి. నా మట్టుకు నేనైతే వాళ్లను వైట్‌హార్స్ దాటి తీసుకెళ్లను.

బో_నది_ఒడ్డు:
తులసికోట గారూ, మీరు చెప్పినది ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ వెంటనే "నేను ముందే చెప్పాను" అంది. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, సిగ్నల్ లేని దారుల్లో ముప్పై ఏళ్లు బండి వెనక డబ్బాలో ఒంటరిగా ప్రయాణం చేశానని గుర్తుచేశారు. ఇన్సూరెన్సు కాగితం తీశాం. ఆయన షుగరు మందుల మోతాదు ఇటీవల మారలేదు కాబట్టి కవర్ అవుతుందని రాసి ఉంది, తరలింపు కూడా ఉంది. అయినా రాతపూర్వకంగా అడిగి తెలుసుకుంటున్నాం. వైట్‌హార్స్ దగ్గరే ఆపేయడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు.

యూకాన్_చలి:
నేను వైట్‌హార్స్‌లోనే ఉంటాను, పని మీద డెంప్‌స్టర్ ఎక్కుతుంటాను. రోడ్డును ముక్కలుగా చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, ఎందుకంటే అన్ని ముక్కలూ ఒకే రకంగా కష్టపెట్టవు.

మొదటి 71 కిలోమీటర్లకు టూంబ్‌స్టోన్ పార్కు సమాచార కేంద్రం వస్తుంది. అంతదాకా ఎవరైనా హాయిగా వెళ్లిరావచ్చు. నల్లటి మొనదేలిన శిఖరాలు, ఆగస్టు చివర్లో కొండవాలు మొత్తం ఎర్రగా మారే మరుగుజ్జు బిర్చి పొదలు, అన్నీ రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు వెళ్తే నార్త్ ఫోర్క్ కనుమ, డెంప్‌స్టర్ మీద ఎత్తైన చోటు అదే. అక్కడి నుంచి ఓగిల్వీ కొండలు. ఇవి మంచుయుగంలో కూడా చాలావరకు హిమానీనదాల కింద పడలేదు కాబట్టి, మిగతా కెనడా కొండల్లా గీసుకుపోయి ఉండవు. వానకూ గాలికీ అరిగి బూడిదరంగు రాళ్ల గుట్టలుగా నిలబడి ఉంటాయి. ఒక చోట వాగు నీరు తుప్పు రంగులో పారుతుంది, గంధకం వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వస్తుంది.

369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్. పెట్రోలు, గది, భోజనం, టైర్లు బాగుచేసే చోటు, యూకాన్ సరిహద్దు దాకా అన్నీ అక్కడే, ఆ ఒక్కచోటే. బయలుదేరే ముందు ఫోన్ చేసి పెట్రోలు ఉందని రూఢి చేసుకోండి, అయినా ఒక డబ్బా అదనంగా తీసుకెళ్లండి. 405 దగ్గర ఆర్కిటిక్ వలయం బోర్డు. 465 దగ్గర రిచర్డ్‌సన్ కొండల్లో యూకాన్ సరిహద్దు దాటి నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోకి వెళ్తారు. అక్కడ కిలోమీటరు రాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి, కాబట్టి ఎవరికైనా మీరు ఎక్కడున్నారో చెప్పవలసి వస్తే ఏ వైపు కిలోమీటరో కూడా చెప్పాలి. వేసవిలో గడియారం కూడా గంట ముందుకు జరుగుతుంది. ఫెర్రీలు ఆ కొత్త టైము ప్రకారమే నడుస్తాయి.

ఫెర్రీలు రెండు. పీల్ నది మీద ఒకటి, ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ దాటాక త్సీగెచిక్ దగ్గర మెకెంజీ నది మీద మరొకటి. రేవు అంటే కాంక్రీటు కట్ట ఏమీ లేదు; కంకరను నదిలోకి తోసి చేసిన ర్యాంపు, నీటి మట్టం మారినప్పుడల్లా బుల్‌డోజరుతో దాన్ని మళ్లీ సరిచేస్తారు. నది బాగా పెరిగినా, బాగా తగ్గినా పడవ ఆపేస్తారు. శరదృతువులో నది గడ్డకట్టే రోజుల్లోనూ, వసంతంలో మంచు విరిగే రోజుల్లోనూ దారి పూర్తిగా మూసేస్తారు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు వేస్తారు. కాబట్టి ప్రణాళికలో రెండు మూడు ఖాళీ రోజులు లేకుండా ఎవరూ రావద్దు. బయలుదేరే ప్రతి ఉదయం 511 (రోడ్డు పరిస్థితి తెలిపే ప్రభుత్వ సేవ) సమాచారం చూసుకోండి.

కోనసీమ_కుర్రాడు:
అడిగినందుకు ఏమీ అనుకోకండి, ఆ ఫెర్రీకి టికెట్టు ఎంత? వరసలో ఎంతసేపు నిలబడాలి?

యూకాన్_చలి:
టికెట్టు లేదు, రెండూ ప్రభుత్వం ఉచితంగా నడుపుతుంది. వేసవిలో ఉదయం నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతూనే ఉంటాయి. లారీలు ముందు ఉంటే కాసేపు ఆగాలి. రాజమండ్రి వారికి ఇందులో వింత ఏమీ ఉండదు, నర్సాపురం దగ్గర సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే ఎక్కాలి. నీళ్లు మాత్రం ఆగస్టులోనూ ఐసులా ఉంటాయి.

మట్టి_పరీక్ష:
ఆ దారికి ఆ పేరు ఎలా వచ్చిందో మీ నాన్నగారికి చెప్పండి, ఆసక్తిగా వింటారు. 1910 డిసెంబరులో పోలీసు ఇన్‌స్పెక్టర్ ఫిట్జ్‌జెరాల్డ్ మరో ముగ్గురితో కలిసి కుక్కల బండ్ల మీద ఫోర్ట్ మెక్‌ఫెర్సన్ నుంచి డాసన్‌కు టపా తీసుకుని బయలుదేరారు. వేగంగా వెళ్లాలని తిండి తక్కువ తీసుకున్నారు, దారిలో కలిసిన గ్విచిన్ తెగ మార్గదర్శిని కొద్ది రోజులకే పంపేశారు. దాటవలసిన వాగు కనిపించక రోజుల తరబడి వెతికి, తిండి అయిపోయి, కుక్కలను చంపి తింటూ వెనక్కి తిరిగారు. నలుగురూ చనిపోయారు, ఆఖరి ఇద్దరు తాము బయలుదేరిన ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో. 1911 మార్చిలో వాళ్లను వెతికి కనుగొన్న పోలీసు కార్పొరల్ డెంప్‌స్టర్. ఆ నలుగురి సమాధులు ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో ఉన్నాయి, రోడ్డుకు దగ్గరే. ఆ నేలను తరతరాలుగా ఎరిగినవాళ్లు గ్విచిన్ ప్రజలు. ఆ మార్గదర్శిని ఉంచుకుని ఉంటే కథ వేరుగా ఉండేదని ఇప్పటికీ అక్కడ అంటారు, నేనూ అదే నమ్ముతాను.

తులసికోట:
యూకాన్_చలి గారు రోడ్డును ముక్కలుగా చూడమన్నారు కాబట్టి నాకు ఒక ఆలోచన వచ్చింది. వైట్‌హార్స్ నుంచి డాసన్ మీదుగా ఇనువిక్‌కు ఎయిర్ నార్త్ విమానాలు ఉన్నాయి కదా. పెద్దవాళ్లను డాసన్ దాకా కారులో తీసుకెళ్లి, టూంబ్‌స్టోన్ చూపించి, తిరిగి డాసన్‌లో విమానం ఎక్కించవచ్చు. కష్టమైన మధ్య భాగాన్ని కొడుకు కారులో దాటి ఇనువిక్‌లో వాళ్లను కలుసుకుంటే, అక్కడి నుంచి సముద్రానికి మిగిలేది 138 కిలోమీటర్లే. ఇనువిక్‌లో ఆసుపత్రి ఉంది. అలాగైతే నా అభ్యంతరం ఉపసంహరించుకుంటాను.

యూకాన్_చలి:
ఇంతకంటే మంచి సలహా నేను ఇవ్వలేను. వారంలో ఏయే రోజుల్లో ఆ విమానం ఉందో చూసి, దాని చుట్టూ మిగతా రోజులు సర్దుకోండి. కోడలు గారు పెద్దవాళ్లతో విమానంలో వెళ్తే, కారులో మీతోపాటు తోడుగా మరొక డ్రైవరు ఉండేలా చూడండి. ఒంటరిగా ఆ మధ్య భాగం నడపడం నాకు నచ్చదు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ పరికరం ఒకటి కొనండి లేదా అద్దెకు తెచ్చుకోండి, సందేశాలు రెండు వైపులా పోతాయి. వైట్‌హార్స్‌లో కారు అద్దెకు తీసుకోవాలనుకునేవారు ఒప్పందం చదవండి. చాలా సంస్థలు డెంప్‌స్టర్ మీదకు వెళ్లనివ్వవు, వెళ్లి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వర్తించదు.

ఎడ్మంటన్_వాసి:
ఒప్పుకుంటాను. కానీ ఓగిల్వీ కొండలు చూడకుండా పెద్దాయనను విమానం ఎక్కించడం నాకు కొంచెం బాధగానే ఉంది.

మట్టి_పరీక్ష:
విమానం కిటికీ లోంచి మెకెంజీ డెల్టా కనిపిస్తుంది, వేల కొద్దీ చెరువులతో. అదీ తక్కువ దృశ్యం కాదు.

ఇనువిక్ ఊరు చూడదగ్గది. ఇళ్లన్నీ నేలకు ఎత్తుగా స్తంభాల మీద ఉంటాయి, ఇంటి వేడి కింది మంచును కరిగించకుండా. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు భూమిలో పాతలేరు కాబట్టి ఇళ్ల మధ్య నేలకు పైన పెద్ద పెట్టెల్లాంటి వాటిలో పోతాయి. గుండ్రని తెల్లటి చర్చి ఉంది. చిన్న మసీదు కూడా ఉంది. 2010లో దాన్ని విన్నిపెగ్‌లో కట్టి, లారీ మీదా బార్జి మీదా సుమారు 4,000 కిలోమీటర్లు తరలించారు.

టుక్టోయాక్టుక్ రోడ్డు 2017 నవంబరు 15న ప్రారంభమైంది, అంతకుముందు వేసవిలో ఆ ఊరికి కారు దారి లేదు. నేల గట్టిగా ఉండే చలికాలాల్లోనే ఎక్కువ పని చేశారు, టండ్రా మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచి దాని మీద కంకర పోశారు. అయినా నేల కదులుతూనే ఉంటుంది. ఎత్తుపల్లాలు ఎక్కువ, నెమ్మదిగా వెళ్లండి. ఊరి దగ్గరకు వచ్చేసరికి చదునైన నేల మీద శంకువుల్లాంటి గుట్టలు కనిపిస్తాయి. అవి పింగోలు, లోపల మంచు ముద్ద. ఎండిపోయిన చెరువు అడుగున నీరు గడ్డకడుతూ నేలను పైకి నెట్టడంవల్ల ఏర్పడతాయి. వాటిలో ఇబ్యుక్ సుమారు 49 మీటర్ల ఎత్తు, కెనడాలో అన్నిటికంటే పెద్దది. వాటి మీదకు ఎక్కకండి, పైపొర చెదిరితే లోపలి మంచు కరుగుతుంది.

యూకాన్_చలి:
ఒక మాట. టుక్టోయాక్టుక్ చూడవచ్చిన వాళ్ల కోసం కట్టిన ఊరు కాదు; సుమారు 900 మంది, ఎక్కువగా ఇనువియాలుయిట్ (ఆ తీరపు మూలవాసులు) ప్రజలు ఉండే ఊరు. ఇంటి ముందు చేపలు ఆరబెట్టుకుంటున్నవాళ్లను అడగకుండా ఫోటో తీయకండి. సముద్రపు కోతవల్ల ఒడ్డున ఉన్న కొన్ని ఇళ్లను వెనక్కి జరపవలసి వచ్చింది, ఆ సంగతి గురించి వాళ్లే చెబితే వినండి.

గోంగూర_డబ్బా:
అమ్మగారి భోజనం సంగతి ఎవరూ తేల్చలేదు. ఈగిల్ ప్లెయిన్స్‌లో శాకాహారికి దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్, టోస్టు లాంటివే అనుకోండి. ఇనువిక్‌లో పెద్ద కిరాణా దుకాణం ఉంది, కూరగాయలు దొరుకుతాయి గాని ధర చూసి అమ్మగారు కొననివ్వకపోవచ్చు. రైసు కుక్కరు, కందిపొడి, కారప్పొడి, ఆవకాయ, అటుకులు, ఉప్మా రవ్వ, నెయ్యి తీసుకెళ్లండి. ఇనువిక్‌లో వంటగది ఉన్న గది తీసుకుంటే సగం సమస్య తీరుతుంది. తిండి వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి క్యాంపులో ఆవకాయ డబ్బాతో సహా అంతా కారులో పెట్టి తాళం వేయాలి.

బో_నది_ఒడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. నిర్ణయం అయిపోయింది. మా బావమరిది నాతో కారులో వస్తాడు. అమ్మానాన్నలు, మా ఆవిడ డాసన్‌లో విమానం ఎక్కుతారు. తిరుగు ప్రయాణంలో వాతావరణం, నాన్నగారి ఆరోగ్యం రెండూ బాగుంటే ఆయన ఒక్కరే మాతో కారులో ఈగిల్ ప్లెయిన్స్ మీదుగా డాసన్ వస్తానంటున్నారు. దానికి నేను ఇంకా ఒప్పుకోలేదు. టైర్లు ఆర్డరు పెట్టాను. ఎలుగుబంటి స్ప్రే విమానంలో తీసుకెళ్లవచ్చా?

యూకాన్_చలి:
చేతి సంచిలోనూ, చెక్ చేసిన సామానులోనూ రెండింటిలోనూ నిషేధం. మీ కారులో పెట్టి తీసుకెళ్లండి, ఇనువిక్‌లో ఆవిడకు ఇవ్వండి. కారులో కూడా సీటు మీద పడేయకండి, మూత బిగించి గట్టి డబ్బాలో పెట్టండి. కారులో పేలితే ఆ సీట్లు మళ్లీ కూర్చోవడానికి పనికిరావు. నాన్నగారి తిరుగు ప్రయాణం సంగతి తులసికోట గారిని అడగండి.

తులసికోట:
ఇనువిక్ ఆసుపత్రిలో ఆ ఉదయం బీపీ, షుగరు చూపించి, అక్కడి డాక్టరు సరేనంటే నాకు అభ్యంతరం లేదు. ముందు సీట్లో కూర్చోబెట్టండి, రెండు గంటలకొకసారి దింపి నడిపించండి, గ్లూకోజు బిళ్లలు ఆయన జేబులోనే ఉండాలి.